రీప్లేస్‌మెంట్‌ను తెలుగులో ఏమని రాయాలి? పాతది ఏమైందో చూసి రాయాలి

రాజోలు ప్రాంతంలోని ఒక వ్యవసాయ సహకార సంఘంలో పనిచేస్తున్న మిత్రులు అడిగిన సందేహం ఇది. పై కార్యాలయం నుంచి ఇంగ్లీషులో వచ్చే కాగితాల్లో రీప్లేస్‌మెంట్ అనే మాట పదే పదే వస్తోందనీ, నిఘంటువు తీస్తే మార్పిడి, భర్తీ, బదులు, ప్రత్యామ్నాయం, ప్రతిస్థాపన అని అయిదారు అర్థాలు కనిపిస్తున్నాయనీ, రైతులకు తెలుగులో నోటీసు రాసేటప్పుడు వీటిలో ఏది ఎక్కడ వాడాలో తేలడం లేదనీ వారు రాశారు. డెల్టాలో కార్యాలయాలకూ ఆసుపత్రులకూ తెలుగు కాగితాలు రాసి ఇచ్చే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ మాటకు సమానార్థకం వెతకడం మానేసి, ఆ సందర్భంలో పాతది ఏమైందో కనుక్కోండి. అది శాశ్వతంగా పోయిందా, కొద్దికాలం పక్కకు జరిగిందా, ఉన్నచోటే ఉండగా దాని పని మాత్రం మరొకటి చేస్తోందా, లేక పాతదంటూ ఏమీ లేకుండా ఖాళీ ఒక్కటే ఉందా అన్నది తెలిస్తే తెలుగు మాట దానంతట అదే తడుతుంది. ఇంగ్లీషు మాట ఈ తేడాలన్నిటినీ కడుపులో దాచుకుని పైకి ఒకేలా కనబడుతుంది. మన భాషలో ఆ దాపరికం కుదరదు. పోయినదానినీ వచ్చినదానినీ రెండింటినీ చెప్పి, పోవడానికొక క్రియ, రావడానికొక క్రియ వాడితే తప్ప వాక్యం నిండుగా ఉండదు. "ఫ్యాను రీప్లేస్ చేయబడినది" అని రాసిన చోట "పాత ఫ్యాను తీసి కొత్తది బిగించారు" అని రాస్తే ఎవరికీ మరో ప్రశ్న ఉండదు.

ఇంగ్లీషులోనే ఈ మాటకు ఒక చిక్కు ఉంది. తీసిన వస్తువును మళ్లీ దాని చోట పెట్టడం అనే అర్థం కూడా దానికి ఉంది, ఆ అర్థంలో కొత్తదంటూ ఏదీ రాదు. సంభావ్యత లెక్కల్లో ఇది ముఖ్యం. సంచిలో అయిదు ఎర్ర బంతులు, మూడు తెల్ల బంతులు ఉన్నాయనుకోండి. మొదట తీసిన ఎర్ర బంతిని తిరిగి సంచిలో వేస్తే రెండోసారి ఎర్రది వచ్చే సంభావ్యత 5/8, వేయకపోతే 4/7. ఇంగ్లీషులో వితౌట్ రీప్లేస్‌మెంట్ అనే ఈ రెండో పద్ధతిని "మార్పిడి లేకుండా" అని అనువదించిన లెక్క చదివిన పిల్లవాడు, ఎర్ర బంతి బదులు మరో రంగు బంతి వేయాలేమో అనుకుని లెక్కంతా తప్పు చేస్తాడు. ఇక్కడ పునఃస్థాపన అనే పాఠ్యపుస్తకాల మాట సరైనది. "తిరిగి ఉంచి", "తిరిగి ఉంచకుండా" అంటే ఇంకా తేలిక.

ఇక ఒకటి పోయి మరొకటి రావడమనే ప్రధానార్థానికి వద్దాం. మన ప్రాంతంలోనే రెండు కట్టడాలను పక్కపక్కన పెట్టి చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట వందేళ్లకు పైగా డెల్టాకు నీరిచ్చింది. ఆ తరువాత 1970లో మొదలుపెట్టి 1982 నాటికి, ఆనకట్ట లాగానే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, 175 గేట్లతో ఇప్పటి బ్యారేజీ కట్టారు. దీనిని "ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది" అని నిస్సంకోచంగా రాయవచ్చు. రాజమహేంద్రవరం దగ్గర రైలు వంతెన సంగతి అలాంటిది కాదు. 1900లో రైళ్లు నడవడం మొదలైన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది, దాని పనిని కొత్తగా కట్టిన ఆర్చి వంతెన అందుకుంది. పాత వంతెన మాత్రం నదిలో అలాగే నిలిచి ఉంది. ఇక్కడ "స్థానంలో" అంటే చోటు విషయంలో పొరపాటు అర్థం వస్తుంది, "హేవలాక్ వంతెనకు బదులుగా ఆర్చి వంతెన" అంటే సరిపోతుంది. స్థానం చోటును చెబుతుంది, బదులు పనిని చెబుతుంది. ఈ రెండు మాటల మధ్య ఇంత తేడా ఉన్నదని గుర్తుపెట్టుకుంటే కార్యాలయపు రాతలో సగం చిక్కులు విడిపోతాయి.

మార్పిడి అనే మాటను అందరూ మొదట అందుకుంటారు కనుక దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మారు అనే అచ్చ తెలుగు ధాతువు నుంచి వచ్చిన ఈ మాట మీద మనం ఎన్ని బరువులు పెట్టామో చూడండి. వస్తుమార్పిడిలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. పంటమార్పిడిలో ఒక పంట తరువాత మరో పంట వేయడం ఉంది. మతమార్పిడిలో ఉన్నవాడే ఒక స్థితి నుంచి మరొక స్థితికి వెళ్లడం ఉంది. మోకీలు మార్పిడిలో అరిగిన ఎముక కొసలను చెక్కి, వాటి మీద లోహమూ ప్లాస్టిక్కూ అమర్చడం ఉంది. మూత్రపిండ మార్పిడిలో అయితే, చాలామందికి తెలియని విషయం, రోగి పాత మూత్రపిండాలను సాధారణంగా తీయనే తీయరు. వాటిని ఉన్నచోటే ఉంచి, దాత ఇచ్చినదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. ఆసుపత్రి కరపత్రంలో ఈ ఒక్క వాక్యం అదనంగా రాస్తే, "పాతవి తీసేస్తారా?" అని భయపడే కుటుంబానికి ఎంతో మేలు జరుగుతుంది. మార్పిడి అనే మాట ఒక్కటే ఆ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మీరు అడిగిన కాగితం సంగతి. మీ సంఘానికి వచ్చిన ఉత్తర్వులో ఉన్నది విత్తనాల రీప్లేస్‌మెంట్ రేటు. వ్యవసాయ శాఖ తెలుగులో దీనిని విత్తన మార్పిడి రేటు అంటారు. ఒక పంట వేసిన మొత్తం విస్తీర్ణంలో, రైతు సొంతంగా దాచుకున్న గింజ కాకుండా ధ్రువీకరించిన నాణ్యమైన విత్తనం వేసిన విస్తీర్ణం ఎంత శాతం అన్నదే ఆ రేటు. వరి స్వపరాగ సంపర్కం గల పంట, అంటే తన పుప్పొడితోనే గింజ కట్టే పంట కనుక సొంత గింజను ఒకటి రెండేళ్లు వాడుకున్నా పెద్దగా నష్టం ఉండదు. అంతకు మించితే కేళీలు (వేరే రకం మొక్కలు) కలిసి, మొలక శాతం తగ్గి, పంటలో ఏకరూపం పోతుంది. మూడేళ్లకోసారి కొత్త విత్తనం తీసుకుంటే చాలునన్న సలహా అందుకే వచ్చింది, వరికి 33 శాతం రేటును లక్ష్యంగా చెప్పడమూ ఆ లెక్కనే. సంకర రకాలకైతే ఏటా కొనవలసిందే కనుక అది 100 శాతం.

నోటీసులో "విత్తన మార్పిడి చేపట్టవలెను" అని రాశారనుకోండి. చదివిన రైతుకు ఇందులో మూడు అర్థాలు తోచవచ్చు. స్వర్ణ మానేసి మరో రకం వేయమంటున్నారని ఒకరు అనుకుంటారు. పక్క రైతుతో బస్తాకు బస్తా మార్చుకోమంటున్నారని మరొకరు అనుకుంటారు, ఆ అలవాటు మన ఊళ్లలో ఉన్నదే కనుక ఆ అర్థం తీయడంలో తప్పు కూడా లేదు. వరి మాని అపరాలు వేయమంటున్నారని, అంటే పంటమార్పిడి అని, ఇంకొకరు అనుకోవచ్చు. ఉత్తర్వు చెప్పినది ఈ మూడింటిలో ఏదీ కాదు. రకం అదే ఉండవచ్చు, పొలం అదే, పంట అదే. మారేది గింజ తరం మాత్రమే. రకం మార్చడం పూర్తిగా వేరే సంగతి. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణను విడుదల చేసింది, 2000లో కాటన్‌దొర సన్నాలను విడుదల చేసింది. ఒకటి మాని రెండోది వేసిన రైతు చేసినది రకం మార్పు. ఉత్తర్వుల్లో దీనికీ రీప్లేస్‌మెంట్ అనే మాటే వస్తుంది, ముందు వెరైటీ అని చేరుతుంది, అంతే. అనువాదంలో ఆ తేడా జారిపోతే రెండు వేర్వేరు సలహాలు ఒకటిగా కలిసిపోతాయి.

కాబట్టి మీ నోటీసు ఇలా ఉంటే బాగుంటుందని నా సూచన: "గత మూడేళ్లుగా సొంత విత్తనమే వేస్తున్న రైతులు ఈ సార్వాకు అదే రకంలో ధ్రువీకరించిన కొత్త విత్తనం వేసుకోవలసిందిగా కోరుతున్నాము." ఇందులో మార్పిడి అనే మాట లేదు, ఆ లోటూ లేదు. "అదే రకంలో" అన్న రెండు మాటలే పనంతా చేస్తున్నాయి. విత్తనం మొలకెత్తలేదని సంఘం దగ్గరకు వచ్చే రైతుకు ఇచ్చేది ఇంకొక రీప్లేస్‌మెంట్. అక్కడ "మొలక రాని బస్తాకు బదులుగా మరో బస్తా ఉచితంగా ఇస్తాము" అని బస్తాను బస్తాతో ముడిపెట్టి రాయండి.

కొబ్బరి తోటల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో చెట్లు నేలకూలిన తోటల్లో, చెట్టు పోయిన చోట మొక్క పెట్టడం ఖాళీలు పూడ్చడం అవుతుంది; పాతది ముందే పోయింది. ముసలి తోటను కొత్త తోటగా మార్చుకునే పద్ధతిలో మాత్రం, పాత చెట్ల వరుసల మధ్య ముందుగా మొక్కలు నాటి, అవి ఎదిగే కొద్దీ పాత చెట్లను విడతలుగా తీస్తారు. పొడుగు రకాలు కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక అంతకాలమూ పాత చెట్టే రైతుకు ఆదాయం. "పాత చెట్ల స్థానంలో కొత్త మొక్కలు" అని ఒక్క ముక్కలో రాస్తే ముందు చెట్లు కొట్టేయాలన్న అర్థం వస్తుంది. ఏది ముందు, ఏది తరువాత అన్నది క్రియల వరుసలోనే తెలియాలి: నాటి, పెంచి, ఆ తరువాత తీయాలి.

బదులు అనే మాట నాకు చాలా ఇష్టమైనది, అది తెలుగులో ఎంతగా ఇమిడిపోయిందో చూస్తే ముచ్చట వేస్తుంది. మూలం అరబ్బీ, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ఉద్యోగుల బదిలీ కూడా దాని తోబుట్టువే. ఇరుగుపొరుగున గ్లాసుడు పంచదార బదులు తెచ్చుకుంటాం, కాగితం లేకుండా చేబదులు తీసుకుంటాం, పిలిస్తే బదులు పలుకుతాం. ఈ వాడుకలన్నిటిలోనూ ఇచ్చినదానికి తిరిగి ఇవ్వడం అనే బాధ్యత అంతర్లీనంగా ఉంది. అందుకే రక్తనిధి కేంద్రాల్లో వినబడే రీప్లేస్‌మెంట్‌కు ఇంతకంటే చక్కని మాట లేదు. ఆపరేషన్ ఉందని కాకినాడ ఆసుపత్రికి వచ్చిన కుటుంబంతో "రీప్లేస్‌మెంట్ ఇవ్వాలి" అంటే, రోగి గ్రూపు రక్తమే తేవాలని అనుకుని, ఆ గ్రూపు వారి కోసం ఊళ్లలో ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేస్తారు. నిజానికి కేంద్రం అడిగేది నిల్వ తగ్గకుండా ఒకరు రక్తం ఇవ్వమని. ఇచ్చేవారిది ఏ గ్రూపైనా ఫరవాలేదు. "మీరు తీసుకున్న రక్తానికి బదులుగా మీ వారిలో ఆరోగ్యంగా ఉన్న ఒకరు రక్తం ఇవ్వగలరా? ఏ గ్రూపైనా సరే" అని బోర్డు మీద రాస్తే ఆ పరుగు తప్పుతుంది. "ఇవ్వాలి" అనకుండా "ఇవ్వగలరా" అని రాయమనడానికి కారణం ఉంది. బంధువులను ఒత్తిడి చేయకుండా స్వచ్ఛంద దాతల మీద ఆధారపడాలన్నదే దేశంలో రక్తదాన విధానం.

ఇదే సందర్భంలో రక్తమార్పిడి అనే మాట గురించీ చెప్పాలి. పత్రికల్లో దీనిని రక్తం ఎక్కించడానికి వాడుతున్నారు; అక్కడ ఏ రక్తమూ తీయరు కనుక మార్పిడి లేదు. నిజమైన రక్తమార్పిడి ఒకటుంది. పుట్టిన బిడ్డకు కామెర్లు ప్రమాదకరంగా పెరిగినప్పుడు, బిడ్డ రక్తాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, అంతే కొలతలో దాత రక్తం ఎక్కించే చికిత్స అది. మాటను దానికోసం దాచుకుని, మిగిలిన చోట్ల "రక్తం ఎక్కించడం" అని అందరూ అనేదే రాయడం మంచిది.

భర్తీకి కర్మ ఎప్పుడూ ఖాళీయే. ఖాళీని భర్తీ చేస్తాం, పోస్టును భర్తీ చేస్తాం, మనిషిని భర్తీ చేయలేం. "ఆయనను భర్తీ చేసే నాయకుడు లేరు" అన్న పత్రికా వాక్యం తెలుగు చెవికి కటువుగా ఉంటుంది. "ఆయన లేని లోటు తీరనిది" అనడం మన పద్ధతి. సెలవు మీద వెళ్లిన ఉపాధ్యాయురాలి తరగతులు మరొకరు చూస్తుంటే అది కూడా భర్తీ కాదు, ఆమె పోస్టు ఖాళీ కాలేదు. ఆమెకు బదులు పాఠం చెబుతున్నారు, అంతే. ఈ తేడా పాటించని ప్రకటన చూసి, పర్మనెంటు ఉద్యోగమనుకుని దరఖాస్తులు పెట్టుకునేవారు ఉంటారు. జనాభా విషయంలో వచ్చే రీప్లేస్‌మెంట్ స్థాయికి మాత్రం భర్తీ స్థాయి అనడం నాకు సమ్మతమే. ఒక తరం వెళ్లిపోయే చోటును తరువాతి తరం నింపడానికి స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలన్నది ఆ లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.7గా తేలింది. ఇక్కడ నింపడమే ప్రధానం కనుక మాట ఒప్పుతుంది.

ప్రత్యామ్నాయం గురించి రెండు ముక్కలు చాలు. అది ఎంచుకోవడానికి వీలుగా పక్కన ఉన్న మరొక దారి. వంతెన మీద రాకపోకలు ఆపి చుట్టుదారిన పొమ్మంటే ఆ దారి ప్రత్యామ్నాయం. ఆ వంతెన తీసేసి కట్టే కొత్త వంతెన ప్రత్యామ్నాయం కాదు. రసాయన శాస్త్రంలో స్థానభ్రంశం, బీజగణితంలో ప్రతిక్షేపణ స్థిరపడిపోయాయి. వాటిని పాఠ్యపుస్తకాలకే వదిలేయడం మంచిది. పురోహితుల దగ్గర ప్రతినిధి అనే పాత మాట ఉంది. పూజలో వస్త్రం, ఆభరణం సమకూరనప్పుడు "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అని అక్షతలు వేయడం అందరూ చూసినదే. లేని ద్రవ్యానికి అక్షతలు ప్రతినిధి. వాడుకలో ఆ మాట ఇప్పుడు మనుషులకు, అందులోనూ ఎన్నికైనవారికి, పరిమితమైపోయింది.

వ్యాకరణంలో మాత్రం ఈ విషయం మీద మనవారు ఎంతో స్పష్టంగా ఆలోచించారు. ఉన్న అక్షరాన్ని తొలగించి దాని చోట మరొకటి వస్తే ఆదేశం, ఉన్నదానిని కదపకుండా పక్కన అదనంగా ఒకటి వచ్చి చేరితే ఆగమం. ఆదేశం శత్రువులా వస్తుంది, ఆగమం మిత్రుడిలా వస్తుంది అని సంస్కృత వ్యాకరణంలో నానుడి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ప్రథమా విభక్తి మీది పరుషాలకు (క, చ, ట, త, ప) గ, స, డ, ద, వలు వస్తాయన్న సూత్రం ఆదేశానికి ఉదాహరణ: వాడు కొట్టె అన్నది వాడు గొట్టె అవుతుంది, క పోయి గ నిలుస్తుంది. పాతది పోయిందా, ఉన్నదా అన్న ఒక్క ప్రశ్నతోనే వారు రెండు మాటలను విడదీశారు. ఆదేశం ఇప్పుడు ఆజ్ఞ అనే అర్థంలో స్థిరపడింది కనుక నోటీసులో వాడలేం గానీ, ఆ ప్రశ్న మాత్రం ఈనాటికీ పనికివస్తుంది.

మారు అనే చిన్న మాటను కూడా మరిచిపోవద్దు. మారుబట్టలు, మారుతాళం, మారుపేరు, మారుమనువు: వీటిలో ఒక్కదానికైనా రీప్లేస్‌మెంట్ అనే మాట అవసరం ఎన్నడూ కలగలేదు. నకలు తాళంచెవి, అదనపు తాళంచెవి అని రాసే చోట మారు తాళంచెవి అంటే రాజోలులోనైనా నరసాపురంలోనైనా అర్థం కానివారు ఉండరు.

అంగడిలో, సెల్‌ఫోన్ దుకాణంలో రీప్లేస్‌మెంట్ అనే మాటనే అలాగే వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కొన్నవారికీ అమ్మినవారికీ అది తెలుగే అయిపోయింది. కాగితం మీదకు వచ్చేసరికి మాత్రం జాగ్రత్త కావాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ లోపం సరిచేయమని ఆదేశించవచ్చు, అలాంటిదే లోపం లేని కొత్త వస్తువు ఇవ్వమని ఆదేశించవచ్చు, కట్టిన సొమ్ము వాపసు చేయమనీ ఆదేశించవచ్చు. ఈ మూడూ వేర్వేరు ఉపశమనాలు, మీకు ఏది కావాలో ఫిర్యాదులో విడిగా అడగాలి. మీ సంఘ సభ్యులకు అలాంటి ఫిర్యాదు రాసి ఇవ్వవలసి వస్తే, "అదే నమూనాలో, లోపం లేని, వాడని కొత్త మోటారు ఇప్పించి, పాతదానిని ప్రతివాది సొంత ఖర్చుతో తీసుకుపోయేలా ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థన" అని రాయండి. "రీప్లేస్‌మెంట్ ఇప్పించగలరు" అని వదిలేస్తే, బాగుచేసి మళ్లీ రంగు వేసిన మోటారు తెచ్చి పెట్టినా వాదించడానికి మీ కాగితంలో ఆధారం ఉండదు.